అర్థంకాని పాట ఎవరి పాట? – హెన్రీ కౌ బృందం, ఫ్రెడ్ ఫ్రిత్ గిటారు

'ప్రోగ్రెసివ్ రాక్' అనే మాట వినగానే మన పాఠకులకు ఒక చిన్న సంతోషం కలగవచ్చు; మనవాళ్లే కాబోలు అనిపించవచ్చు. తొందరపడకూడదు. ఇంగ్లండులో 1960ల చివర పుట్టి, 1970ల నడుమ దాకా వెలిగిన ఆ సంగీతానికి తగిలించిన విశేషణమూ, 1936లో లక్నోలో సమావేశమైన రచయితలు తమ సంఘానికి పెట్టుకున్న విశేషణమూ పలకడానికి ఒకటే. అర్థంలో ఒకటి కాదు. అక్కడ ఆ మాటకు అర్థం, మూడు నిమిషాల పాటను ఇరవై నిమిషాలకు పెంచడం, యూరపు శాస్త్రీయ సంగీతం నుంచీ జాజ్ నుంచీ అప్పు తెచ్చుకోవడం, తాళాన్ని విరిచి కొత్తగా కట్టడం. ముందుకు పోయేది స్వరం. సమాజం ఎక్కడ వున్నదక్కడే వుండవచ్చు. ఆ బృందాల పాటల్లో రాజులూ, కోటలూ, మంత్రగాళ్లూ, గ్రహాంతర యాత్రలూ దండిగా దొరుకుతాయి. వాయించే నేర్పు అపారం. కాని ఆ నేర్పు దేనికి అని అడిగితే జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

అంతవరకే అయితే ఈ వ్యాసం రాయవలసిన పని లేదు. కాని ఆ గుంపులోనే ఒక బృందం ఆ విశేషణాన్ని మన అర్థంలో కూడా తీసుకున్నది. ఆ బృందం పేరు హెన్రీ కౌ. పేరులో ఆవు వున్నందుకు నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. ఆ పేరుకు ప్రత్యేకమైన అర్థమేదీ లేదని వాళ్లే అన్నారు. 1968లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు, గిటారు వాయించే ఫ్రెడ్ ఫ్రిత్, ఆర్గనూ శాక్సఫోనూ వాయించే టిమ్ హాడ్కిన్సన్ దీన్ని మొదలుపెట్టారు. పదేళ్లు బతికి 1978లో అది ఆగిపోయింది. ఆ పదేళ్లలో వాళ్లు అమ్మిన రికార్డులు తక్కువే. వాళ్ల మీద వినేవాళ్ల మధ్య జరిగిన వాదం మాత్రం నేటికీ తెగలేదు.

ఆ వాదం మా యింటికి కూడా వచ్చింది. ఆదివారం సాయంత్రాలు ఐదారుగురం మా ముందుగదిలో కూర్చుని సంగీతం వినడం కొన్నేళ్లుగా అలవాటు. అందరూ దాదాపు ఒక తోవవాళ్లే. రుచులు మాత్రం ఒకటి కావు. ఒకసారి హెన్రీ కౌ వారి 'ఇన్ ప్రెయిజ్ ఆఫ్ లెర్నింగ్' అనే రికార్డు పెట్టాను. అది 1975 నాటిది. పేరు బ్రెహ్ట్ కవితనుంచి తీసుకున్నారు. చదువుకొమ్మని శ్రామికులకు చెప్పే కవిత అది, హాన్స్ ఐస్లర్ దానికి బాణీ కట్టి 1932లో 'తల్లి' నాటకంలో పెట్టాడు. ఆ రికార్డులో హాడ్కిన్సన్ రచన ఒకటి పదిహేను నిమిషాలు నడుస్తుంది: 'మృగం గుండెలో బతుకుతూ' అని దాని పేరు చెప్పుకోవచ్చు. డాగ్మార్ క్రౌజె అనే జర్మన్ గాయని గొంతు ఒక్కోచోట గాజుముక్కలా కోస్తుంది. తాళం నిలిచినట్టే వుండి జారిపోతుంది. పెట్టుబడిదారీ సమాజంలో మాటలు కూడా సరుకులైపోయిన స్థితినుంచి ఎలా బయటపడాలి అనేది దాని వస్తువు.

అది అయిపోయాక కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. మాలో ఒక రిటైరయిన లెక్కల మాస్టారున్నారు. ఆయన, "ఆ రాజకీయమంతా అటుంచండి, ఆ గిటారు వినండి చాలు" అన్నారు. అర్థశాస్త్రం ఎం.ఏ. చదువుతున్న కుర్రవాడు వెంటనే అందుకున్నాడు. "అటుంచడానికి నాకు మనసొప్పదు మాస్టారూ. మా నాన్న హమాలీ పని చేస్తాడు. పొద్దంతా మూటలు మోసి వచ్చినాయన ముందు యిది పెడితే, ఆపరా అంటాడు. ఆయనకు అక్కర్లేని పాటను ఆయన పేరు మీద పాడడం ఎందుకు?"

నాకు ఆ పూట జవాబు తోచలేదు. తోచినట్టు నటించడం కూడా చేతకాలేదు. టీలు తాగి లేచిపోయాం. తర్వాత ఆలోచించిన కొద్దీ, ఆ ప్రశ్న న్యాయమైనదేగాని అది అడుగుతున్న చోటు సరైనది కాదేమో అనిపించింది. పాట లోపల వెతికితే దానికి జవాబు దొరకదు. పాటకూ మనిషికీ నడుమ వుండే దారిలో వెతకాలి. హెన్రీ కౌ చరిత్ర నాకు ఈ దృష్టితోనే ముఖ్యంగా కనిపిస్తున్నది.

ముందు గిటారు సంగతి చెప్పి తీరాలి. లెక్కల మాస్టారి మాట కొట్టిపారెయ్యదగ్గది కాదు. ఫ్రెడ్ ఫ్రిత్ 1949లో ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో పుట్టాడు. ఐదో యేట ఫిడేలు పట్టాడు. గిటారు తర్వాత వచ్చింది. కేంబ్రిడ్జిలో చదివింది ఆంగ్ల సాహిత్యం. రాక్ సంగీతంలో గిటారు వాద్యకుడంటే ఒక నాయకుడు. తక్కినవాళ్లు తగ్గి నిలబడితే అతను ముందుకు వచ్చి మెరుపులు కురిపిస్తాడు, జనం చప్పట్లు కొడతారు. అదొక చిన్నపాటి వ్యక్తిపూజ. ఫ్రిత్‌కు ఆ శక్తి లేక కాదు, ఆ పని చెయ్యలేదు. హెన్రీ కౌ రికార్డుల్లో అతని గిటారు ఎక్కువచోట్ల గుంపులోనే వుంటుంది. లిండ్సే కూపర్ వాయించే బసూనుకూ, హాడ్కిన్సన్ ఆర్గనుకూ మధ్య సందులో నడుస్తుంది. ఒక్కొక్కప్పుడు గిటారు ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. కొత్తవాళ్లకు యిది నిరాశ కలిగించే మాట నిజమే. నాకు మాత్రం అందులో ఒక నీతి కనపడుతుంది.

1974లో అతను ఒంటరిగా ఒక రికార్డు చేశాడు: 'గిటార్ సోలోస్'. పేరు చూసి మెరుపుల కోసం కొన్నవాళ్లు మోసపోయే వుంటారు. అందులో అతను చేసిన పని తెలియాలంటే గిటారు ఎట్లా పలుకుతుందో కొంచెం చెప్పుకోవాలి. మెట్టు మీద తీగను వేలితో నొక్కినప్పుడు ఆ తీగ రెండు ముక్కలవుతుంది. వేలినుంచి కింది వంతెనదాకా వున్న ముక్క పలుకుతుంది. మనం వినేది దాన్నే. వేలినుంచి పైన మరల వైపు వున్న ముక్క కూడా కదులుతుంది గాని దాని శబ్దం ఎవరికీ వినపడదు, ఎవరికీ అక్కర్లేదు. ఎలెక్ట్రిక్ గిటారులో తీగల కింద వుండి శబ్దాన్ని పట్టుకునే పికప్ అనే పరికరం కూడా కింది ముక్క కిందనే వుంటుంది. ఫ్రిత్ రెండో పికప్ తెచ్చి మెడ పైకొసన తీగల మీద అమర్చాడు. దాంతో నొక్కిన వేలికి అటూ యిటూ వున్న రెండు ముక్కలూ పలికాయి. ఒక తీగనుంచి రెండు గొంతులు. తీగలకు చిన్న క్లిప్పులు తగిలించాడు. ఎడమచేతితో కూడా తట్టి పలికించాడు. లండనులోని ఒక చిన్న స్టూడియోలో నాలుగు రోజుల్లో పని ముగించాడు. లెక్కల మాస్టారు యింట్లో బట్టలారేసే తాడు పట్టుకుని మాకు ఈ సంగతి చూపించారు. అంతకంటె బాగా నేను చెప్పలేను.

తర్వాతి సంవత్సరాల్లో గిటారును బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గొలుసులతో, కుంచెలతో పలికించాడు. 1990లో వచ్చిన 'స్టెప్ అక్రాస్ ది బోర్డర్' అనే నలుపు–తెలుపు చిత్రంలో అతని పనితనం చూడవచ్చు. అభిమానుల్లో ఒక వర్గం ఈ ఒంటరి ఫ్రిత్‌నే అసలు ఫ్రిత్ అంటుంది. హెన్రీ కౌ రాజకీయం అతని మీద పడ్డ బరువు అని వాళ్ల అభిప్రాయం. నేను ఒప్పుకోను. మూగగా పడివున్న సగం తీగను పలికించాలన్న ఆలోచన, బృందంలో ఎవరూ నాయకుడు కాకూడదన్న ఆలోచన, ఈ రెండూ ఒకే మనిషికి ఒకే ఏళ్లలో రావడం కాకతాళీయం కాదు.

బృందం నడిచిన తీరు కూడా తెలిస్తే ఈ మాట యింకా స్పష్టపడుతుంది. వాళ్లు సమావేశాలు పెట్టుకుని, ప్రతి సంగతీ చర్చించి, తీర్మానించి రాసుకునేవాళ్లు. వచ్చిన డబ్బు ఉమ్మడి. ఒక బస్సు కొని అందులోనే పడకలు వేసుకుని యూరపంతా తిరిగారు. ఎవరు రాసిన సంగీతమైనా అందరూ కలిసి విప్పి, మళ్లీ కట్టేవాళ్లు. 1974 నాటి 'అన్‌రెస్ట్' రికార్డుకు సిద్ధంగా వున్న రచనలు చాలక, రెండో వైపుకు స్టూడియోలోనే అప్పటికప్పుడు వాయించి, టేపులు కోసి అతికి, కొత్తవి తయారుచేశారు. అదే రికార్డులో ఫ్రిత్ రాసిన 'రూయిన్స్' అనే పన్నెండు నిమిషాల రచన వున్నది. దాని లయలో ఫిబొనాచీ సంఖ్యల వరుస వాడాడు, అంటే ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండింటి మొత్తం. మా మాస్టారు దాన్ని పెన్సిలు పట్టుకుని వింటారు.

వీళ్ల రికార్డులు వేసింది ఎవరు? వర్జిన్ కంపెనీ. 1973లో మైక్ ఓల్డ్‌ఫీల్డ్ 'ట్యూబులర్ బెల్స్'తో ఆ కంపెనీ తెరుచుకుంది. అది లక్షల్లో అమ్ముడుపోయింది. ఆ లాభాల నీడలో, కొత్తరకం కంపెనీ అనే పేరు నిలుపుకోవడానికి, కొన్నాళ్లు హెన్రీ కౌ లాంటివాళ్లకు చోటు దొరికింది. పెట్టుబడిదారీ విధానం మీద పదిహేను నిమిషాల విమర్శను పెట్టుబడిదారే అచ్చువేసి అమ్మాడు. ఇందులో వింత లేదు. అమ్ముడుపోయేదేదైనా అతను అమ్ముతాడు. వింత ఏమైనా వుంటే, అమ్ముడుపోదని తెలిశాక ఎంత త్వరగా చెయ్యి వెనక్కు తీసుకున్నాడన్నదే. 1977 నాటికి ఆ కంపెనీ సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బృందంతో ఒప్పందం చేసుకుంది. మూడు స్వరాలు వస్తే చాలు, ఎవరైనా బృందం పెట్టవచ్చునన్నది పంక్ వాదం. ప్రోగ్రెసివ్ రాక్ ధనికుల పిల్లల సంగీతమని పంక్ అభిమానులు దుమ్మెత్తి పోశారు. ఆ మాటలో చాలావరకు నిజం వుంది. కాని ఆ నిజాన్ని కూడా అదే కంపెనీ రికార్డులుగా వేసి అమ్ముకున్నదని వాళ్లకు ఆలస్యంగా తెలిసింది.

ఇక మా కుర్రవాడి ప్రశ్న. అది కొత్త ప్రశ్న కాదు. ఇంగ్లండులోనే ఆ రోజుల్లో అంతకంటె గట్టిగా అడిగినవాడున్నాడు. కోర్నీలియస్ కార్డ్యూ అనే స్వరకర్త 1950ల చివర జర్మనీలో స్టాక్‌హౌజెన్‌కు సహాయకుడుగా పనిచేశాడు. స్వరాలకు బదులు గీతలతో బొమ్మలతో 193 పుటల సంగీత రచన ఒకటి చేశాడు. 1969లో, సంగీతం నేర్చినవాళ్లూ నేర్వనివాళ్లూ కలిసి వాయించే 'స్క్రాచ్ ఆర్కెస్ట్రా'ను స్థాపించినవారిలో ఒకడు. అటువంటివాడు మావో రచనలు చదివి, వెనక్కు తిరిగి, తన పాత గురువు మీదనే 'స్టాక్‌హౌజెన్ సామ్రాజ్యవాదానికి సేవ చేస్తున్నాడు' అనే పేరుతో 1974లో పుస్తకం వేశాడు. తన సొంత రచనలను కూడా అందులో వదలలేదు. అర్థంకాని సంగీతం బూర్జువా సంగీతం. శ్రామికుడు పాడుకోగల పాట రాయాలి, అన్నాడు. అన్నట్టే మిగిలిన జీవితమంతా సులభమైన బాణీల్లో విప్లవ గీతాలు రాశాడు, ఊరేగింపుల్లో పాడాడు. 1981 డిసెంబరులో తూర్పు లండనులో ఒక కారు గుద్ది ఆగకుండా పోతే చనిపోయాడు, అప్పటికి నలభైఐదేళ్లు.

అతని నిజాయితీ ముందు నేను తల వంచుతాను. తన కీర్తినంతా తన చేతులతో కాల్చివేసిన కళాకారులు ఎందరున్నారు? కాని అతని సులభమైన పాటలను కూడా బ్రిటిష్ శ్రామికవర్గం పాడుకోలేదు. ఇది అతని మీద ఎత్తిపొడుపు కాదు. మన ప్రశ్నకు అవసరమైన సాక్ష్యం. కష్టమైన సంగీతం జనానికి చేరలేదు. అది కష్టం గనుక అన్నాం. సులభమైన సంగీతమూ చేరలేదు. ఇప్పుడేమంటాం?

ఇక్కడ నేను ఇటలీకి వెళ్లాలి, ఎందుకంటే హెన్రీ కౌ కూడా అక్కడికే వెళ్లింది. ఇంగ్లండులో వాళ్లకు వాయించే చోట్లు తగ్గిపోయాయి. 1975లో రాబర్ట్ వయట్‌తో కలిసి పారిస్, లండన్, రోము నగరాల్లో కచేరీలు చేశారు. వయట్ పేరున్న డ్రమ్ము వాద్యకుడు, గాయకుడు. 1973లో కిటికీలోంచి పడి నడుము కింది భాగం చచ్చుబడగా, చక్రాల కుర్చీలో కూర్చుని పాడేవాడు. రోములో ఆ కచేరీ జూన్ నెలలో, పియాజ్జా నవోనా అనే పెద్ద చౌకులో జరిగింది. ఆ నెల నడుమనే ప్రాంతీయ ఎన్నికల్లో ఇటలీ కమ్యూనిస్టు పార్టీకి మూడోవంతు ఓట్లు వచ్చాయి. మరుసటి ఏడాది పార్లమెంటు ఎన్నికల్లో 34 శాతం దాటాయి. ఆ రోజుల ఇటలీని ఈ అంకెలు లేకుండా ఊహించుకోలేం.

ఆ పార్టీకి 'లూనితా' అనే దినపత్రిక వుండేది. ఆ పత్రిక పేరిట ఊరూరా వేసవిలో ఉత్సవాలు జరిగేవి. కార్యకర్తలు వంటలు చేస్తారు, పుస్తకాలు అమ్ముతారు, చర్చలు జరుగుతాయి, ముసలివాళ్లు నాట్యం చేస్తారు, పిల్లలు తిరుగుతారు. రాత్రి వేదిక మీద సంగీతం. అలాంటి వేదికల మీద హెన్రీ కౌ ఇటలీలో మళ్లీ మళ్లీ వాయించింది. ఏ సంగీతం? మా యింట్లో ఐదారుగురిని మౌనంలో ముంచిన ఆ సంగీతమే. వినడానికి వచ్చినవాళ్లలో విద్యార్థులున్నారు, ఫ్యాక్టరీ పనివాళ్లున్నారు, వాళ్ల కుటుంబాలున్నాయి. అందరికీ అర్థమైందని నేను చెప్పబోవడం లేదు. నచ్చక లేచిపోయినవాళ్లూ వుండే వుంటారు. కాని అక్కడ ఆ సంగీతం ఒక దుకాణంలో కొనుక్కునే సరుకుగా రాలేదు. తమ పార్టీ తెచ్చిన అతిథిగా వచ్చింది. అతిథి మాట అర్థంకాకపోయినా మనం కూర్చుని వింటాం. మర్నాడు పక్కవాణ్ని అడుగుతాం. మూడోసారి వచ్చేసరికి ఒక ముక్క తెలుస్తుంది. బ్రెహ్ట్ చెప్పిన చదువు యిదే కదా!

ఈ మాటను మన అనుభవంతో సరిచూసుకోవచ్చు. నాజర్ బుర్రకథకు వేలాది జనం కూర్చున్నారంటే, అది సులభమైన రూపం గనుక, జానపద రూపం గనుక అని మనం రాస్తూ వచ్చాం. నిజమే, సగం నిజం. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి దళాలు, వాళ్లను ఊళ్లోకి పిలిచిన రైతు సంఘాలు, రాత్రికి అన్నం పెట్టిన యిళ్లు, ఇవి రెండో సగం. ఆ సగాన్ని మన సాహిత్య విమర్శకులు రూపం మీద చర్చలో పడి తరచు మర్చిపోయారు. రూపం మారలేదు, సంఘాలు చెదిరాక అదే బుర్రకథ ప్రభుత్వ ప్రచారానికీ పనికివచ్చింది.

ఇటలీని స్వర్గంగా చిత్రించే వుద్దేశం నాకు లేదు. అక్కడి యువకుల్లో ఒక భాగం పార్టీకి ఎడమవైపు నిలబడి, సంగీతం మా హక్కు, టిక్కెట్టు కొనం అంటూ కచేరీలమీద దాడి చేసింది. 1976 ఏప్రిల్‌లో మిలాను నగరంలో ఫ్రాంచెస్కో దె గ్రెగోరి అనే వామపక్ష గాయకుణ్ని కచేరీలోనే నిలదీశారు; విప్లవం పేరు చెప్పి డబ్బు సంపాదిస్తున్నావని అతనిమీద విచారణ జరిపినంత పని చేశారు. అతను కొంతకాలం కచేరీలే మానేశాడు. సంఘటితమైన శ్రోత గొప్ప బలం. అతను న్యాయమూర్తి కుర్చీ ఎక్కిన నాడు ఏం జరుగుతుందో కూడా ఇటలీలోనే చూశాం.

ఇంగ్లండులోనూ ప్రయత్నాలు జరగకపోలేదు. 1977 మార్చిలో లండనులో కమ్యూనిస్టు పార్టీ కోసం జరిగిన ఒక సభలో హెన్రీ కౌ, మైక్ వెస్ట్‌బ్రుక్ బ్రాస్ బ్యాండు, జానపద గాయని ఫ్రాంకీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకే వేదిక మీద కలిసి పాడారు. ఒకళ్లది అర్థంకాని సంగీతమనీ, ఒకళ్లది అందరి సంగీతమనీ పేరు; కలిసి బాగానే నడిచింది. కాని దాని వెనుక ఇటలీలో వున్నటువంటి ఊరూరి ఉత్సవాల యంత్రాంగం లేదు. 1978 మార్చి 12న వాళ్లు లండనుకు నాలుగు దేశాలనుంచి నాలుగు బృందాలను పిలిచారు: ఇటలీనుంచి స్టార్మీ సిక్స్, స్వీడన్‌నుంచి సామ్లా మామ్మాస్ మన్నా, బెల్జియంనుంచి యూనివేర్ జీరో, ఫ్రాన్సునుంచి ఎత్రాన్ ఫూ లెలూబ్లాన్. 'రాక్ ఇన్ ఆపొజిషన్' అని దానికి పేరు పెట్టారు. రికార్డు కంపెనీలు వినిపించదలచని సంగీతం యిది అన్నది దాని నినాదం. వీళ్లలో స్టార్మీ సిక్స్ సంగతి వేరుగా చెప్పాలి. వాళ్లు ఫాసిస్టు వ్యతిరేక పోరాట వీరులమీద 1975లో ఒక రికార్డు నిండా పాటలు కట్టారు, మిలానులో సంగీతకారుల సహకార సంఘం ఒకటి నడిపారు. హెన్రీ కౌ డ్రమ్ము వాద్యకుడు క్రిస్ కట్లర్ అదే ఏడాది 'రెకమెండెడ్ రికార్డ్స్' అనే పంపిణీ సంస్థ పెట్టాడు. దుకాణదారు దగ్గరకు పోనక్కర్లేకుండా వినేవాడి దగ్గరకు రికార్డు చేర్చాలని అతని పట్టుదల.

అప్పటికే బృందం లోపల చీలిక వచ్చింది. చీలిక దేనిమీద? డబ్బు మీద కాదు, పేరు మీద కాదు. పాటా, పాట లేని సంగీతమా అన్నదానిమీద. 1978 జనవరిలో స్విట్జర్లండులో రికార్డు చేసినవాటిలో కట్లర్ రాసిన పాటలే ఎక్కువయ్యాయి. ఇది హెన్రీ కౌ కాదని కొందరన్నారు. తీర్మానం ప్రకారం ఆ పాటలను ఫ్రిత్, కట్లర్, క్రౌజె ముగ్గురూ 'ఆర్ట్ బేర్స్' అనే కొత్త పేరుతో వేసుకున్నారు. తక్కిన రచనలు, ముఖ్యంగా హాడ్కిన్సన్, లిండ్సే కూపర్ రాసినవి, 1979లో 'వెస్టర్న్ కల్చర్' అనే ఆఖరి రికార్డుగా వెలువడ్డాయి. అందులో ఒక్క మాట కూడా లేదు. వస్తువా, రూపమా అని మన సభల్లో మనం ఎంత కాలం కొట్లాడుకున్నామో పాఠకులకు గుర్తుండే వుంటుంది. వాళ్లు కొట్లాడుకుని, రెండు రికార్డులు చేసి, స్నేహంగా విడిపోయారు. మనకంటె నయమే.

ఒక లోపం చెప్పకుండా దాటవేయకూడదు. సమానత్వం తీర్మానాల్లో రాసుకున్న ఆ బృందం చుట్టూ వున్న సంగీత ప్రపంచం మగవాళ్ల ప్రపంచం. లిండ్సే కూపర్, అప్పుడు హెన్రీ కౌలో చెల్లో, బాసు వాయిస్తున్న జార్జీ బోర్న్, గాయని మ్యాగీ నికల్స్ మొదలైనవారు 1977లో 'ఫెమినిస్ట్ ఇంప్రొవైజింగ్ గ్రూప్' అని స్త్రీల బృందం పెట్టుకోవలసి వచ్చింది. వేదిక మీద కత్తిపీటలూ, గిన్నెలూ చప్పుడు చేస్తే అది సంగీతమా అని అడిగినవాళ్లున్నారు. గిటారు మీద గొలుసులు వేసిన మగవాణ్ని ఆ ప్రశ్న అంతగా అడగలేదు.

హెన్రీ కౌ ఆఖరి కచేరీ 1978 జులై 25న, మిలాను పెద్ద చర్చి ముందున్న చౌకులో జరిగింది. అక్కడితో ఆగిపోయింది. తర్వాత ఫ్రిత్ చేసిన పని అభిమానులను తికమక పెట్టింది. 1980లో 'గ్రావిటీ' అని ఒక రికార్డు వేశాడు. అందులో వున్నవి నాట్యపు బాణీలు! తూర్పు యూరపు పల్లెల్లో, కరిబియన్ దీవుల్లో కాళ్లు కదిపే లయలు. చప్పట్లు కూడా వున్నాయి. లొంగిపోయాడన్నారు కొందరు, ఎట్టకేలకు మనిషి అయ్యాడన్నారు కొందరు. ఆదివారం సమావేశంలో దీన్ని పెట్టినప్పుడు, మా కుర్రవాడు మొదటిసారిగా కాలితో తాళం వేశాడు. నేను చూసీ చూడనట్టు వూరుకున్నాను. కాసేపటికి అతనే, "యిది కూడా ఆయనేనా?" అన్నాడు. ఆయనే. ఆ నాట్యపు లయ కింద వినండి, అదే విరిచి కట్టిన తాళం. గుంపులో గిటారును దాచిన చెయ్యే, యిక్కడ ఫిడేలు కూడా పట్టుకుని, ఇతర దేశాల బృందాలను కలుపుకుని వాయిస్తున్నది.

వయట్ తోవ యింకొకటి. అతను బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1980ల మొదట్లో చిన్నచిన్న రికార్డుల మీద పరుల పాటలు పాడాడు: చిలీ గాయని వియొలేతా పార్రా పాట, క్యూబా పాట. వాటిలో ఒక రికార్డుకు రెండో వైపున తన గొంతు పెట్టుకోకుండా, లండనులోని బెంగాలీ వలసజీవుల 'దిశారి' అనే బృందం పాడిన కార్మిక సంఘం పాటను వేయించాడు. ఫాక్లండ్ యుద్ధం నాటి 'షిప్‌బిల్డింగ్' పాట అతని గొంతులోనే జనానికి చేరింది. యుద్ధనౌకలు కట్టే పని దొరికినందుకు సంతోషించాలా, ఆ నౌకల్లో పోయే తమ పిల్లల కోసం ఏడవాలా తెలియని ఓడరేవు పనివాళ్ల పాట అది. 1983లో అమ్మకాల జాబితాలో 35వ స్థానం దాకా వచ్చింది. హమాలీ వింటాడా అంటే, అర్థం చెబితే ఈ పాట వింటాడని నేను పందెం కడతాను. కాని వయట్‌కు ఆ గొంతు ఎక్కడిది? ఒక రోజులో రాలేదు; హెన్రీ కౌతో కలిసి పాడిన రాత్రులు కూడా అందులో వున్నాయి.

కుర్రవాడికి నేను యివ్వగలిగిన జవాబు యింతే: మీ నాన్న ఆ పాటను ఆపమనవచ్చు, ఆ హక్కు ఆయనది. కాని ఆయన ఆపమన్నది పాట కష్టమని మాత్రమే అనుకోకు. ఎవరూ పిలవకుండా, ఎవరూ పరిచయం చెయ్యకుండా, అలసిన వేళ యింట్లోకి చొరబడిన పాట ఎంత సులభమైనదైనా ఆయన ఆపమనే అంటాడు. అతను ఒప్పుకోలేదు. "పిలిచే సంఘం యిప్పుడెక్కడుంది మాస్టారూ?" అన్నాడు. ఇటలీ కమ్యూనిస్టు పార్టీ 1991లో తన్ను తాను రద్దు చేసుకుంది. బ్రిటిష్ పార్టీ కూడా ఆ ఏడాదే. అతని మాటకు నా దగ్గర ఎదురుమాట లేదు.

లిండ్సే కూపర్‌కు 1970ల చివరలోనే నరాల జబ్బు పట్టుకున్నది. దాన్ని చాలా ఏళ్లు పైకి చెప్పకుండా పనిచేసింది; 2013 సెప్టెంబరులో చనిపోయింది. మరుసటి ఏడాది నవంబరులో ఆమె రచనలు వాయించడానికి పాత హెన్రీ కౌ సభ్యులు ముప్ఫైఆరేళ్ల తర్వాత కలిశారు. మూడు చోట్ల వాయించారు: లండను, హడర్స్‌ఫీల్డ్, ఆ తర్వాత ఇటలీలోని ఫోర్లీ. ఫోర్లీ ఎమీలియా–రొమాన్యా ప్రాంతంలోని ఒక చిన్న నగరం. ఒకప్పుడు లూనితా ఉత్సవాలు ఊరూరా జరిగిన ఎర్ర ప్రాంతం అది.